లీలారాణి మోకాళ్ల నొప్పి

మా క్యాథలిక్ గుడిలో ఫాదర్ సత్ప్రసాదం పంచే వేళ అందరూ లేచి వరస కడతారు. లీలారాణి మాత్రం బెంచీలోనే ఉండిపోతుంది. ఆదివారం పూజ మానదు. పాటకు గొంతు కలుపుతుంది. పూజ అయ్యాక హాల్లో టీ కప్పులన్నీ తనే కడుగుతుంది. ఆ ఒక్క వరసలో మాత్రం నిలబడదు. పక్కవాళ్లు దాటి వెళ్లడానికి కాళ్లు ఓ పక్కకు తిప్పుకుని, వాళ్లు తిరిగొచ్చేదాకా తల వంచుకుని కూర్చుంటుంది.

మా క్యాథలిక్కుల్లో సత్ప్రసాదానికి లేవని మనిషంటే ఏదో పాపం ఒప్పుకోకుండా కడుపులో దాచుకున్న మనిషని లెక్క. ఐర్లండులోని ఈ నేవన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు గుప్పెడు. ఇక ఊహలకు కొదవేముంది? మొగుడు శామ్‌తో పడటం లేదని ఒకరు, ఇండియాలో స్థలం విషయంలో అన్నదమ్ములను ముంచిందని ఒకరు. మా ప్రార్థన గుంపుకు పెద్దగా ఉండే రాబర్ట్ అంకుల్ అయితే, "చిన్న పాపమైతే ఇన్నాళ్లు మొయ్యదమ్మా, అది వేరే ఏదో," అని తల పంకిస్తాడు. ఆ తల పంకింపు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. లీల మోస్తున్నదాంట్లో సగం బరువు ఆమె నెత్తికెత్తింది ఆయనే. అందుకే ఈ సంగతి చెప్పదలచుకున్నాను. తెలుగులో చెబుతున్నాను కాబట్టి వినకూడని మనిషి చెవిన పడదన్న ధైర్యం ఉంది. ఎవరైనా ఇంగ్లీషులో మోసుకెళ్లి అతనికి చెప్పారో, వాళ్లకూ నాకూ మాటలుండవు.

లీలారాణిదీ నాదీ గుంటూరు జిల్లానే, పక్కపక్క ఊళ్లు. వాళ్ల నాయనమ్మ ఇన్నమ్మను మా ఊరివాళ్లూ ఎరుగుదురు. ఎవరికైనా కొన ఊపిరి వచ్చిందంటే ముందు ఫాదర్‌కు కబురు, వెంటనే ఇన్నమ్మకు కబురు. ఆవిడ వచ్చి మంచం పక్కన కూర్చుని, పోయే మనిషి చేతిలో కొవ్వొత్తి పెట్టి తన చేత్తో పట్టుకుని, చెవి దగ్గరకు వంగి "యేసు, మరియమ్మ, జోజప్ప" అని యేసువీ తల్లిదండ్రులవీ మూడు పేర్లూ చెబుతూ ఉండేది. ఊపిరి ఆగేదాకా ఆపేది కాదు. ఆ పేర్లు చెవిన పడుతుండగా పోయిన ప్రాణం దారి తప్పదని మావాళ్ల నమ్మకం. లీలను చిన్నప్పుడు వెంట తీసుకెళ్లేది. చావంటే భయపడని ఆడపిల్లను నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఇక్కడ ఊరి చివర వయసు మళ్లినవాళ్లుండే ఒక నర్సింగ్ హోమ్‌లో ఆమె కేరర్, నేను వంటగదిలో. ముసలివాళ్లకు స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం ఆమె పని. మింగలేనివాళ్లకు టీ చిక్కగా చేసి పంపడం నా పని. నన్ను సరోజక్కా అంటుంది.

2020 వసంతంలో మా హోమ్‌లోకి జబ్బు వచ్చింది. అప్పటికే గేట్లు మూశారు, బంధువులు రావడానికి లేదు, ఫాదర్‌ను కూడా రానివ్వలేదు. గుడ్ ఫ్రైడే ఉండే పవిత్ర వారం వచ్చేసరికి కారిడార్లలో గదులు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. తెల్ల సూట్లు తొడుక్కున్న మనుషులు వచ్చి, సంచిలో పెట్టి, పెట్టె మూసి తీసుకుపోయేవారు. స్నానం లేదు, మంచి బట్ట లేదు. మేము దారికి అటూ ఇటూ దూరం దూరంగా నిలబడి తల వంచేవాళ్లం. కాసేపటికి నేను లోపలికెళ్లి ఆ మనిషి ట్రే మీది పేరు చింపేసేదాన్ని. ఏడవడానికి తీరిక కూడా లేదు.

అప్పుడు లీల తన నాయనమ్మ పని మొదలుపెట్టింది. ఆక్సిజన్ ఉన్న గదిలో కొవ్వొత్తి వెలిగించకూడదు కాబట్టి, ఉత్త పేర్లే. పోయేవాళ్ల చెవి దగ్గర మాస్కు వెనక నుంచి ఆ మూడు పేర్లూ, తెలుగులో. "ఫాదర్ రాలేకపోతే ఏం, ఎవరో ఒకరు పిలవాలి గదక్కా," అంది. నేను మెచ్చుకున్నాను. మా ఊళ్లో చదువు చెప్పింది ఐర్లండు సిస్టర్లు. ఇక్కడ పుట్టిన ముసలివాళ్లంతా మాకంటే గట్టి క్యాథలిక్కులన్నదే మా ఇద్దరి లెక్క. అడిగే అవసరం ఉంటుందని తోచనే లేదు.

మిస్టర్ గాఫ్నీ అని ఒక పెద్దాయన ఉండేవారు. ఈ ఊరి ఫర్నిచర్ కార్ఖానాలో బతుకంతా కుర్చీలు చేసిన మనిషి. హోమ్‌లో ఏ కుర్చీ కనబడినా కింద చెయ్యి పెట్టి తడిమి, అతుకు సరిగ్గా లేదని విసుక్కునేవారు. లీలంటే ఇష్టం. "ఆ కుర్చీలో కూర్చోకమ్మాయ్, దాని వెనక కాలు ఊగుతోంది," అని హెచ్చరించేవారు. హాల్లో టీవీలో జపమాల మొదలైతే మాత్రం చక్రాల కుర్చీ తోసుకుంటూ బయటికి పోయేవారు. ఫాదర్ వస్తే కళ్లు మూసుకుని నిద్ర నటించేవారు. పెద్దాయనకు మోత పడదని లీల అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆయనకు కొన ఊపిరి వచ్చింది. కొడుకు కీరన్‌కు ఫోన్ చేశారు. యాభై దాటిన మనిషి, స్కూలు బస్సు నడుపుతాడు. లోపలికి రానివ్వరు కదా, కిటికీ బయట పూలమొక్కల్లో నిలబడి, మూసిన అద్దానికి అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. లీల కిటికీకి వీపు పెట్టి మంచం మీదికి వంగింది. పెద్దాయన మొహం ఆమెకు తప్ప ఎవరికీ కనబడలేదు. కొంతసేపటికి ఆమె లేచి కిటికీ వైపు తిరిగి తల ఊపింది. కీరన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

ఆదివారం పాస్కా, అదే ఈస్టర్ పండుగ. ఖాళీ గుడిలో ఫాదర్ డెక్లన్ కెమెరా ముందు ఒంటరిగా పూజ చేస్తే ఇళ్లల్లో కూర్చుని చూశాం. అది అయ్యాక రాబర్ట్ అంకుల్ మన తెలుగువాళ్లందరినీ జూమ్‌లో కూడగట్టాడు. లీల చేస్తున్న పని ఎవరి ద్వారానో ఆయనకు తెలిసింది. "అమ్మా లీలారాణీ, ప్రభువు నిన్ను వాడుకుంటున్నాడు. సాక్ష్యం చెప్పమ్మా," అన్నాడు. తెర నిండా మొహాలు. అందరూ భయంతో చితికిపోయి, ఒక మంచి మాట కోసం కాచుకుని ఉన్నారు. లీల శుక్రవారం సంగతి చెప్పింది. మూడు పేర్లు వినగానే పెద్దాయన మొహం తేటపడిందని, తన చెయ్యి పట్టుకుని ప్రశాంతంగా కన్నుమూశారని చెప్పింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అంకుల్ అయితే, వాళ్ల మిషనరీలు మనకు సువార్త తెస్తే ఇవాళ మన బిడ్డ వాళ్ల ఆత్మను ప్రభువు చేతికి అప్పగించిందని ఒక ప్రసంగమే చేశాడు. తర్వాత ఆ కథను డబ్లిన్ గుంపులోనూ, లెటర్‌కెన్నీ గుంపులోనూ తనే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ పెద్దాయన మొహం ఇంకాస్త వెలిగిపోయేది.

ఆ మరుసటి వారం కీరన్ తండ్రి సామాన్లకు వచ్చాడు. సంచిలో కట్టి ఉంచిన బట్టలు, కళ్లజోడు, రేజరు. లీలే గేటు దగ్గరికి తీసుకెళ్లింది. అతను సంచి తీసుకుని, "మీరు ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పారు?" అని మెల్లగా అడిగాడు.

లీల సంతోషంగా చెప్పింది. మా ఇళ్లల్లో సొంతవాళ్లకు చేసే పని మీ నాన్నకు చేశానని, ఒంటరిగా పంపలేదని చెప్పింది. మూడు పేర్లూ ఇంగ్లీషులోకి మార్చి మరీ చెప్పింది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదట. తర్వాత చెప్పాడు. వాళ్ల నాన్నకు చిన్నప్పుడే తల్లి పోతే క్యాథలిక్ మఠం బ్రదర్లు నడిపే ఒక బడిలో పడేశారు. రాత్రి పక్క తడిపిన పిల్లలను లేపి చన్నీళ్ల గచ్చు మీద నిలబెట్టేవారు. బెల్టు తీసే ముందు ఒక బ్రదర్ చెవి దగ్గరకు వంగి, ఆ మూడు పేర్లే పలికి, పలికించి, అప్పుడు కొట్టేవాడు. "మా ఇంట్లో ఆ పేర్లు పలకకూడదు. నేను పోయేటప్పుడు నా దగ్గర ప్రార్థన చెయ్యనివ్వకు అని ఒక్కటే అడిగాడు నన్ను. మీకు చెప్పి ఉండాల్సింది. నాకు తోచలేదు. నేను అద్దానికి ఇవతల నిలబడి చూస్తూ ఉన్నాను." చివరికి అడిగాడు. "ఆయనకు వినబడిందా?"

లీల వెనక్కి తిరిగి లోపలికి వచ్చేసింది.

సరాసరి వంటగదికి వచ్చింది. నేను ఉడికిన బంగాళదుంపల నీళ్లు వంపుతున్నాను. నన్ను స్టోర్ రూమ్‌లోకి లాక్కెళ్లి, తలుపు వేసి, మాస్కు లాగేసి, గోడకు చేరగిలబడింది. జరిగింది చెప్పింది. ఆ బడి సంగతి నేను వినలేకపోయాను. అయినా పైకి, "నీకేం తెలుసే లీలా, మంచికే చేశావ్. ఆ స్థితిలో ఆయనకేం వినపడి ఉండిద్దిలే," అన్నాను.

"వినపడిందక్కా."

"నీకెట్టా తెలుసు?"

"యేసు అనగానే కళ్లు తెరిచాడు. మరియమ్మ అనేసరికి మొహం గోడవైపుకి తిప్పుకున్నాడు. నొప్పేమో అనుకున్నా. చెంప కింద చెయ్యేసి ఇటు తిప్పుకుని మళ్లీ మొదట్నించి చెప్పా. నా ఏప్రన్ పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకోవాలని చూస్తన్నాడనుకున్నా." ఆమె తన గుండెల మీద రెండు చేతులూ పెట్టుకుని చూపించింది. "పట్టుకోలేదక్కా, తోశాడు. బలం లేక అట్టా అనిపించింది. నేను ఆయన మొహం వదల్లేదు."

ఆమెను దగ్గరకు తీసుకోవడానికి కూడా లేని రోజులు. అయినా తీసుకున్నాను.

"మరి జూమ్‌లో అట్టా చెప్పావేంది?" అని అడిగాను.

"అందరూ అట్టా చూస్తంటే అదే నిజమనిపించింది," అంది.

ఆ తర్వాతి ఏడాది లీల మనిషి కాదు. డ్యూటీకి వచ్చేది, పని చేసేది, ఇంటికి పోయేది. చావు బతుకుల్లో ఉన్నవాళ్ల గదిలోకి వెళ్లినా మూగదానిలా కూర్చునేది. శామ్ నాకు ఫోన్ చేసి, తిండి తినడం లేదక్కా, మీరైనా చెప్పండి అని బతిమాలేవాడు. మధ్యలో గుళ్లు కొన్నాళ్లు తెరిచారు, మళ్లీ మూశారు. రాబర్ట్ అంకుల్ మాత్రం క్రిస్మస్ జూమ్‌లో ఆ సాక్ష్యం ఇంకోసారి చెప్పమని పట్టుబట్టాడు. ఆమె కెమెరా ఆపేసింది. నేను మైకు తెరిచి, "అంకుల్, మీకు చెప్పుకోవడానికి సొంత సాక్ష్యం ఏమీ లేదా?" అన్నాను. అప్పటినుంచి ఆయనకు నేనంటే గిట్టదు. నాకేం నష్టం లేదు.

కీరన్ ఫిర్యాదు చెయ్యలేదు. చేసినా బాగుండేది, ఎవరో తిట్టేవారు, అయిపోయేది. అతను మా మేనేజర్‌తో కబురు పెట్టేవాడు. ఆమెను నిందించడం లేదు, ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి, అంతే. లీల ప్రతిసారీ ఏదో వంక చెప్పేది. మళ్లీ గుడ్ ఫ్రైడే వచ్చింది, 2021. గుళ్లు అప్పటికీ మూసే ఉన్నాయి. సంవత్సరీకం కదా, హోమ్ బయట ఒక్కసారి కనబడమని అడిగాడు. వస్తానంది.

ఆ పొద్దున నాతో, "చెప్పేస్తానక్కా. ఈరోజున అబద్ధం ఆడను. ఆయన తిట్టినా సరే, కొట్టినా సరే," అంది. తోడు రమ్మంది. గేటు పక్కన రాతి గోడ దగ్గర నిలబడ్డాం. కీరన్ అటు చివర నిలబడ్డాడు. చిక్కిపోయాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"బస్సు నడపడం మానేశాను. నిద్ర లేకుండా పిల్లల బస్సు నడపకూడదు కదా," అన్నాడు. "కళ్లు మూస్తే కిటికీ కనబడుతుంది. లోపల ఆయన, మళ్లీ ఆ బడిలో ఉన్నాననుకుంటూ పోయాడేమోనని. బయట నేను. ఏదైనా సరే, నిజం చెప్పండి. ఆయనకు వినబడిందా?"

లీల అతన్ని సూటిగా చూసింది.

"లేదు. నేను వంగేసరికే ఆయన పోయారు. ఊపిరి ఆగింది చూశాకే పేర్లు చెప్పాను. మా అలవాటు కొద్దీ చెప్పాను. ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు. మొహం ఎటూ కదల్లేదు."

అంత నిబ్బరంగా అబద్ధం చెప్పిన మనిషిని నేను చూడలేదు. కీరన్ గోడ మీద కూర్చుండిపోయి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. లేచి వెళ్లేటప్పుడు థాంక్యూ అని ఎన్నిసార్లు అన్నాడో. చెయ్యి కలపడానికి లేదు కాబట్టి తన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. వేసవి దాటాక మళ్లీ బస్సు నడుపుతున్నాడని తెలిసింది.

మే నెలలో గుళ్లు తెరిచారు. లీల ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లింది. ఫాదర్ డెక్లన్ మంచి మనిషి, ఎవర్నీ గద్దించడు. దూరంగా వేసిన కుర్చీలో కూర్చుని అంతా విన్నాడట. ఇదంతా లీలే నాకు చెప్పింది. తెలియక చేసిన దానికి తప్పు లేదన్నాడు. ఆ అబద్ధం కూడా జాలితో ఆడిందే, చిన్నది, విచారంగా ఉందని ఒక్క మాట అను, నేను క్షమాపణ ఇస్తాను అన్నాడు.

"ఇకమీదట చెయ్యనని కూడా అనాలి గదా ఫాదర్," అందట లీల. "అతను మళ్లీ అడిగితే మళ్లీ అబద్ధమే చెప్తాను. విచారం లేదు. లేనిది ఉందని ఎట్టా అననూ?"

"దేవుడు అంత పట్టించుకోడు లీలా," అని ఆయన క్షమాపణ దీవెనకు చెయ్యి ఎత్తబోయాడట. ఆమె వద్దని ఆపేసి, లేచి వచ్చేసింది.

నేను తిట్టాను. ఎంత మూర్ఖత్వమే, ఫాదరే ఇస్తానంటుంటే నీకేంది అన్నాను. ఆమె చివరికి, "ఆ పెద్దాయన మొహం తిప్పుకుంటే నేను తిప్పుకోనిచ్చానా అక్కా?" అంది. "ఆయనకి దొరకని ఊరట నేనెట్టా తీసుకుంటా?"

ఆ రోజు నుంచి లేవడం మానేసింది. పూజ మానలేదు, పాట మానలేదు. ఆ వరస ఒక్కటే.

2022 పాస్కాకు గుడి కిటకిటలాడింది. రెండు పాస్కాలకు మూసిన తలుపులు కదా, జనం బారులు తీరారు. గుమ్మం దగ్గర పాటల పుస్తకాలు పంచే పని నాది. ఇక్కడి మగవాళ్లు కొందరు లోపల చోటున్నా వాకిట్లో అద్దాల తలుపు ఇవతలే నిలబడతారు. సత్ప్రసాదం మొదలైంది. నేనూ పుస్తకాలు సర్దేసి వరసలోకి వెళ్లబోతుంటే ఎవరో నా చెయ్యి తట్టారు. కీరన్. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. చేతిలో, పాస్కాకు ఇక్కడివాళ్లు ఇచ్చుకునే పెద్ద చాక్లెట్ గుడ్డు డబ్బా.

"నేను లోపలికి రాను," అన్నాడు, సిగ్గుపడుతూ. "ఇది లీలకు ఇవ్వండి. పండగ కదా. ఆమె వల్ల నేను నిద్రపోతున్నాను." డబ్బా నాకిచ్చాడు. వెళ్లిపోతాడనుకున్నాను. అద్దంలోంచి లోపలికి చూస్తూ ఆగాడు. వరస కదులుతోంది. బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. మధ్యలో లీల ఒక్కతే, తల వంచుకుని.

అతను చూశాడు. నమ్మకం లేకపోయినా ఈ దేశంలో పుట్టినవాడు, బెంచీలో కూర్చుండిపోయిన మనిషంటే ఏమిటో తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఆమె ఎందుకు వెళ్లడం లేదు?" అన్నాడు. నేను డబ్బాను చేతులు మార్చుకున్నాను. అతను నా వైపు తిరిగాడు. కళ్లల్లో ఆ పాత భయం మెల్లగా లేస్తోంది. "నాకు చెప్పింది నిజమే కదా?"

ఆ కళ్లు చూశాను. లీల ఆ రోజు ఏం చూసి మాట మార్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

"మోకాళ్ల నొప్పి," అన్నాను. "ముసలివాళ్లను ఎత్తీ ఎత్తీ అరిగిపోయాయి. అంతసేపు నిలబడలేకపోతోంది. ఫాదరే చివర్లో బెంచీ దగ్గరకు తెచ్చి ఇస్తారు."

"ఓ," అన్నాడు. భుజాలు కిందికి దిగాయి. "గ్రాండ్, మంచిది. త్వరగా తగ్గాలని చెప్పండి." మెట్లు దిగి కారు దగ్గరకు వెళ్లిపోయాడు.

నేను లోపలికి వెళ్లాను. వరస ఇంకా ఉంది. కాళ్లు అటే వెళ్లాయి కానీ, లీల బెంచీ దగ్గరికి వచ్చేసరికి ముందుకు పడలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. రాబర్ట్ అంకుల్ నాలుక మీద సత్ప్రసాదంతో తిరిగొస్తూ మా ఇద్దరినీ చూసి, ఆగి, మళ్లీ చూసి వెళ్లాడు.

"ఏందక్కా, ఇక్కడ కూర్చున్నావ్? వరస అయిపోతంది," అంది లీల గుసగుసగా.

"మోకాళ్ల నొప్పి," అన్నాను.

ఆమె నా ఒళ్లోని గుడ్డు డబ్బా చూసింది. వెనక్కి తిరిగి అద్దాల తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు కాస్త జరిగి నాకు చోటిచ్చింది.